భ్రూణహత్య అనే మాట – మన స్త్రీల మీద దాని బరువు

(సంగారెడ్డిలో జరిగిన మహిళా ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు మేము రెండు రోజులు వ్యవధి కోరాము. గర్భస్రావం అన్న మాట మన సభల్లో వినబడదు. వినబడినా ఒక్క ‘హరామ్’ అనే పదంతో ముగిసిపోతుంది. ఆ పదం తరువాత ఎవరూ ప్రశ్న అడగరు. అడగలేని ప్రశ్నలు ఇళ్లలోనే ఉండిపోయి, అర్ధరాత్రి మా తలుపు తడతాయి. అట్లా తలుపు తట్టిన ఒక సంగతితోనే మొదలుపెడతాము.

ఇస్నాపూర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్న కుటుంబం. భర్త పాశమైలారంలో ఒక రసాయన పరిశ్రమలో కాంట్రాక్టరు కింద పనిచేస్తాడు. పన్నెండు గంటల షిఫ్టు, పని ఉన్న రోజుకే కూలి. భార్యకు ఇరవై ఆరేళ్లు, ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి ఏడు నెలలు, ఇంకా పాలు తాగుతున్నాడు. పాలిచ్చే తల్లికి నెలసరి రాకపోవడం మామూలే కనుక మళ్లీ గర్భం నిలిచిందని ఆమెకు తెలిసేసరికి రెండు నెలలు దాటాయి. ఆసుపత్రికి పోవడానికి భయపడింది. వీధి చివర మెడికల్ షాపులో చీటీ లేకుండా మాత్రలు కొని మింగింది. మూడు రోజులు రక్తం ఆగలేదు. నాలుగో రాత్రి మా కార్యకర్తలు ఆటోలో తీసుకుపోయారు. ఆసుపత్రి పేరు చెప్పము. అక్కడ ఆమెకు రక్తం ఎక్కించకముందే, ఎక్కించేవారి నోటి నుంచి ఒక మాట పడింది: కడుపులో బిడ్డను చంపుకున్నదానివి, ఇప్పుడెందుకు ఏడుస్తావని.

బతికింది, అల్హందులిల్లాహ్. మరునాడు మమ్మల్ని చూసి అడిగిన మొదటి ప్రశ్న ఇది: “చాచా, నేను ఖాతిల్‌నా?”

ఆరోగ్యం గురించి కాదు, ఆసుపత్రి ఖర్చు గురించి కాదు, తాను హంతకురాలినా అని అడిగింది. ఈ మాట ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో మేము తీరికగా అడిగి తెలుసుకున్నాము. భర్త శుక్రవారం బయాన్‌లో విని వచ్చి ఇంట్లో చెప్పాడు. తోడికోడలు ఫోనులో ఒక వీడియో చూపించింది. అందులో గర్భంలోని శిశువు తల్లితో మాట్లాడుతుంది, చంపవద్దని వేడుకుంటుంది. మూడవది, గర్భిణిగా పరీక్షలకు వెళ్లినప్పుడు ఆసుపత్రి గోడ మీద చూసిన బొమ్మ. మసీదు, ఫోను, సర్కారీ గోడ, మూడూ ఒకే మాట చెప్పాయి. ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవలసిన అవసరం అప్పుడు మాకు కలిగింది.

మన దేశంలో గర్భస్రావాన్ని వ్యతిరేకిస్తూ అమెరికాలో మాదిరిగా ఆసుపత్రుల ముందు ధర్నాలు చేసే ఉద్యమం లేదు. కాని ఆ ఉద్యమపు భాష మాత్రం వచ్చి చేరింది, అదీ ఒక మంచి పని వెంట. 1980ల నుంచి స్కానింగుతో ఆడపిండాన్ని గుర్తించి తీసివేయించే దుర్మార్గం పెరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు 2001లో 961 మంది ఆడపిల్లలు ఉండగా 2011 నాటికి 939కి పడిపోయారు. దీన్ని ఆపడానికి 1994లో లింగ నిర్ధారణ నిషేధ చట్టం వచ్చింది. ఆ చట్టం గురి స్కానింగు యంత్రం మీద, దాన్ని దుర్వినియోగం చేసే వైద్యుడి మీద. ప్రచారం గురి మాత్రం మెల్లగా తల్లి మీదకు మళ్లింది. గోడల మీద, పాఠశాల నాటికల్లో, వ్యాసరచన పోటీల్లో ‘భ్రూణహత్య’ అన్న మాట స్థిరపడింది. పుట్టని బిడ్డ తల్లికి రాసిన ఉత్తరాలు పిల్లల చేత చదివించారు. ఆడపిల్ల వద్దన్న అత్తగారు, కట్నం అడిగిన సమాజం, స్కానింగుకు పైసలు పుచ్చుకున్న వైద్యుడు ఆ బొమ్మలో కనబడరు. కత్తి ఉంటుంది, పిండం ఉంటుంది, తల్లి ఉంటుంది. హత్య అన్నాక హంతకులు కావాలి కదా! ఎదురుగా ఉన్నది ఆమే.

ఫలితంగా రెండు చట్టాలు జనం మనసులో ఒకటైపోయాయి. లింగం చూసి తీసివేయించడం నేరం. వేరే న్యాయమైన కారణాలతో, అర్హుడైన వైద్యుని చేత గర్భస్రావం చేయించుకోవడం 1971 నుంచి ఈ దేశంలో చట్టబద్ధం. చదువుకున్నవారే ఈ తేడా చెప్పలేకపోతున్నారు. మేము సర్కారు కచేరీలో దస్త్రాల మధ్య జీవితం గడిపినవారము, మాకే కొన్నాళ్ల క్రితం వరకు స్పష్టంగా తెలియదు.

ఇక ఫోనులోని బొమ్మ. అది మన దగ్గర పుట్టింది కాదు. 1965 ఏప్రిల్‌లో అమెరికాలోని లైఫ్ పత్రిక స్వీడన్ ఛాయాచిత్రకారుడు లెనార్ట్ నిల్సన్ తీసిన పిండాల చిత్రాలు ప్రచురించింది. చీకట్లో, నక్షత్రాల నడుమ తేలుతున్నట్లు ఒంటరి శిశువు. చూసినవారి కళ్లు చెమర్చాయి. ఆ చిత్రాల్లో చాలావరకు గర్భస్రావమైన పిండాలవేనన్నది తరువాత అందరికీ తెలిసిన సంగతి. దానికంటే మాకు ముఖ్యమనిపించింది మరొకటి: ఆ చిత్రంలో తల్లి లేదు. ఆమె కడుపు లేదు, ఆమె రక్తం లేదు. శిశువు ఆకాశంలో దానంతటది పెరుగుతున్నట్లుంది. 1984లో బెర్నార్డ్ నాథన్సన్ అనే వైద్యుడు ‘ది సైలెంట్ స్క్రీమ్’ అనే చిత్రం తీశాడు. 12 వారాల పిండం నోరు తెరిచి అరుస్తున్నదని అందులో వ్యాఖ్యానం. ఆ వయసు పిండానికి నొప్పి తెలిసే నాడీవ్యవస్థ ఉండదని, చిత్రం వేగాన్ని మార్చి చూపారని ఎందరో వైద్యులు ఆక్షేపించారు. ఆక్షేపణలు అక్కడే ఉండిపోయాయి. బొమ్మ మాత్రం ఖండాలు దాటి ఇస్నాపూర్ గదిలోకి వచ్చింది.

అమెరికాలో ఈ ఉద్యమం స్త్రీని రెండు రకాలుగా చిత్రించింది. మొదట కఠినాత్మురాలు, విలాసం కోసం బిడ్డను వదిలించుకునేది. ఆ నిందకు ఎదురుదెబ్బ తగిలాక భాష మార్చారు: ఆమె అమాయకురాలు, ఇతరులు మోసం చేశారు, జీవితాంతం కుమిలిపోతుంది, కనుక ఆమెను ఆమె నిర్ణయం నుంచే కాపాడాలి. 2007లో అక్కడి సుప్రీంకోర్టు ఒక రకం గర్భస్రావ పద్ధతి నిషేధాన్ని సమర్థిస్తూ, స్త్రీలు పశ్చాత్తాపపడతారన్నదానికి నమ్మదగిన లెక్కలు లేవని ఒప్పుకుంటూనే ఆ వాదాన్ని తీర్పులో చేర్చింది. తరువాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు దాదాపు వెయ్యిమంది స్త్రీలను ఐదేళ్లపాటు అడుగుతూ వచ్చారు. గర్భస్రావం చేయించుకున్నవారిలో నూటికి తొంభైఐదుగురికి పైగా తమ నిర్ణయం సరైనదేనన్నారు. అయినా 2022 జూన్ 24న అక్కడి సుప్రీంకోర్టు 1973 నాటి రో తీర్పును కొట్టివేసింది. ఇప్పుడు అమెరికాలో ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు చట్టం. మన ప్రాంతం నుంచి వెళ్లి టెక్సాస్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న కోడళ్లు, బిడ్డలు ఎందరో ఉన్నారు. వారి తల్లిదండ్రులైనా ఈ సంగతి తెలుసుకోవాలి.

హత్య అన్న మాట చట్టమైతే ఏమవుతుందో మన పొరుగు కర్ణాటక బిడ్డ చావు చెబుతుంది. బెళగావికి చెందిన సవితా హలప్పనవర్ దంతవైద్యురాలు, భర్తతో ఐర్లండులో ఉండేది. 2012 అక్టోబరులో 17 వారాల గర్భం పోవడం మొదలైంది, బిడ్డ దక్కదని వైద్యులకు తెలుసు. తీసివేయమని ఆమె వేడుకుంది. పిండం గుండె కొట్టుకుంటున్నంతసేపు చట్టం ఒప్పుకోదన్నారు. ఆ గుండె ఆగేదాకా ఆగారు, ఈలోగా తల్లి రక్తం విషమైపోయింది. అక్టోబరు 28న మరణించింది. 31 ఏళ్లు. 2018 మే నెలలో ఆ దేశ ప్రజలు ఓటు వేసి, 1983లో రాజ్యాంగంలో చేర్చుకున్న ఆ నిషేధాన్ని తొలగించారు. నూటికి 66 మంది తొలగించమన్నారు. ఆమె చిత్రం చేతబట్టుకుని ఊరేగినవారిలో చర్చికి తప్పక వెళ్లే వృద్ధురాళ్లు కూడా ఉన్నారు.

మన న్యాయస్థానాల్లోనూ ఈ భాష పెనుగులాడుతున్నది. 2021 అక్టోబరులో మన తెలంగాణ హైకోర్టు అత్యాచారానికి గురైన పదహారేళ్ల బాలికకు 26 వారాల గర్భాన్ని తీసివేయించుకునేందుకు అనుమతిచ్చింది. ఆమె గౌరవంగా బతికే హక్కుకు పెద్దపీట వేసింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు, 24 వారాల వరకు అవకాశమిచ్చే నిబంధన పెళ్లికాని స్త్రీలకూ వర్తిస్తుందన్నది. భర్త బలవంతం వల్ల వచ్చిన గర్భాన్ని కూడా ఈ చట్టం వరకు అత్యాచారం వల్ల వచ్చినదిగానే ఎంచాలన్నది. మరుసటి ఏడాదే మరొక కేసు. 27 ఏళ్ల స్త్రీ, ఇద్దరు పిల్లల తల్లి, కాన్పు తరువాత మనోవ్యాధికి మందులు వాడుతున్నది. పాలిస్తుండటం వల్ల గర్భం సంగతి ఆలస్యంగా తెలిసింది. 2023 అక్టోబరు 9న ఇద్దరు మహిళా న్యాయమూర్తుల ధర్మాసనం అనుమతిచ్చింది. పిండం గుండె ఆపవలసి వస్తుందని వైద్యులు లేఖ రాయడంతో రెండు రోజుల తరువాత ఆ ఇద్దరే విడిపోయారు. అంతకుముందు మన రాష్ట్ర హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న జస్టిస్ హిమా కోహ్లీ మనసు అంగీకరించలేదు. జస్టిస్ నాగరత్న ఆమె నిర్ణయాన్ని మన్నించాలన్నారు. ముగ్గురు సభ్యుల ధర్మాసనం ముందుకు వెళ్లాక, పుట్టని బిడ్డ తరఫున ఎవరు వాదిస్తున్నారన్న ప్రశ్న వచ్చింది. అక్టోబరు 16న అనుమతి నిరాకరించారు.

ఆ తీర్పును మేము తప్పుపట్టడం లేదు. 26 వారాలు దాటిన గర్భం, బయటకు తీస్తే బతికే అవకాశమున్న శిశువు, ఎవరికైనా చేయి వణుకుతుంది. మా బాధంతా వారం రోజుల ఆ వాదన నడిచిన తీరు మీద. పత్రికల నిండా గుండెచప్పుడు గురించే. నాకు ఒంట్లో, మనసులో శక్తి లేదు అని ఆ తల్లి చెప్పిన మాట ఏ మూలనో ఉండిపోయింది.

ఇంతవరకు అందరు స్త్రీల సంగతి. ముస్లిం స్త్రీ విషయంలో ఇంకొక మడత ఉన్నది. ఇతరుల కడుపు పవిత్రమని చెప్పే నోళ్లే ఆమె కడుపును ప్రమాదమంటాయి. 2002 సెప్టెంబరులో గుజరాత్ ముఖ్యమంత్రి, అల్లర్లలో ఇళ్లు కోల్పోయినవారి సహాయ శిబిరాలను పిల్లలను కనే కేంద్రాలుగా ఎగతాళి చేశారు. 2024 ఏప్రిల్‌లో, అప్పటికి ప్రధానమంత్రి హోదాలో ఉండి, ఎక్కువ పిల్లలు కనేవారికి దేశ సంపద పంచుతారంటూ రాజస్థాన్‌లో ఎన్నికల సభలో మాట్లాడారు. తరువాత అది ముస్లింలను ఉద్దేశించినది కాదన్నారు. అదే ఏడాది డిసెంబరు 1న ఆర్‌ఎస్‌ఎస్ అధినేత మోహన్ భాగవత్ నాగపూర్‌లో, దంపతులకు కనీసం ముగ్గురు పిల్లలుండాలన్నారు. ఎక్కువ కనడం ఒకరికి దేశసేవ, మరొకరికి దేశద్రోహం.

లెక్కలు చూద్దాం, లెక్కలు అబద్ధమాడవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు. 2019-21 నాటికి 2.4 కంటే తక్కువ. హిందూ స్త్రీకి అప్పుడు 3.3, ఇప్పుడు 1.9. తగ్గుదల ఎవరిలో వేగంగా ఉన్నదో చిన్నపిల్లవాడు కూడా చెప్పగలడు. మన తెలంగాణలో అందరినీ కలిపి చూస్తే 1.8 మాత్రమే.

స్త్రీ కడుపు పాలకుల అవసరాన్ని బట్టి ఎట్లా మారిపోతుందో తెలుగువారికంటే బాగా తెలిసినవారు లేరు. ఉమ్మడి రాష్ట్రంలో 1994 పంచాయతీరాజ్ చట్టం ముగ్గురు పిల్లలున్నవారిని పోటీకి అనర్హులను చేసింది. ముప్ఫై ఏళ్ల తరువాత, 2024 అక్టోబరులో, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఎక్కువమందిని కనండి, ఇద్దరికంటే ఎక్కువ ఉన్నవారికే పోటీ అవకాశమిచ్చే చట్టం ఆలోచిస్తామన్నారు. మరుసటి నెలలో పాత నిషేధం ఎత్తేశారు. ఎత్తివేయడం మంచిదే. కాని అప్పుడు వద్దన్నప్పుడూ, ఇప్పుడు కనమన్నప్పుడూ కనేవారిని ఎవరూ అడగలేదు.

ఈ దాడి మన పెద్దలను కూడా గట్టిపరచింది. అత్యవసర పరిస్థితిలో మగవాళ్లను పట్టుకుపోయి ఆపరేషన్లు చేసిన రోజులు, 1976లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్, హర్యానాలో ఉత్తావర్ గ్రామం, ఇవన్నీ మన జమాత్ జ్ఞాపకంలో ఉన్నాయి. కుటుంబ నియంత్రణ అంటేనే మన సంఖ్యను తగ్గించే కుట్ర అన్న అనుమానం అప్పటి నుంచి పోలేదు. అనుమానానికి కారణం ఉన్నది. అయితే ఆ అనుమానపు భారమంతా మోస్తున్నది ఇస్నాపూర్‌లో ఏడు నెలల బిడ్డను ఎత్తుకున్న తల్లి. మన సంఖ్యను నిలబెట్టే బాధ్యత ఆమె రక్తానికి అప్పజెప్పాము.

దీనుకు సంబంధించిన మాట ఉలమాల సమక్షంలో జాగ్రత్తగా చెబుతాము, తప్పుంటే దిద్దండి. పేదరికానికి భయపడి సంతానాన్ని చంపవద్దని ఖుర్ఆన్ ఆజ్ఞ. సజీవంగా పాతిపెట్టబడిన బాలిక ప్రళయదినాన ప్రశ్నింపబడుతుందన్న హెచ్చరికా ఉన్నది. ఆడపిల్లని తీసివేయించేవారికి ఇంతకంటే తీవ్రమైన మాట అక్కరలేదు. గర్భాన్ని తేలికగా తీసుకునే స్వేచ్ఛ మన ఫిఖ్‌లో లేదు. కాని మన ఫుఖహాలు ఒక్క మాటతో ముగించలేదు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని ఇబ్నె మస్‌ఊద్ హదీసు ఆధారంగా 120 రోజులకు రూహ్ ఊదబడుతుందన్నారు. ఆ తరువాత తల్లి ప్రాణానికి ముప్పు వస్తే తప్ప ఎవరూ ఒప్పుకోలేదు. ఆ ముందు కాలం మీదనే భేదాలు. మాలికీలు మొదటి నుంచీ కఠినం. ఇమామ్ గజాలీ కూడా తప్పన్నారు, అయితే పిండం ఎదిగేకొద్దీ ఆ తప్పు తీవ్రత పెరుగుతుందన్నారు, అన్నీ ఒకటే అనలేదు. హనఫీ ఫుఖహాల్లో చాలామంది న్యాయమైన ఉజ్ర్, అంటే కారణం, ఉంటే 120 రోజుల లోపు అనుమతించారు. 1990లో మక్కాలో రాబితా ఫిఖ్ మండలి కూడా, తీవ్రమైన వైకల్యం వైద్యుల ద్వారా ఖాయమైతే 120 రోజుల లోపు అనుమతి ఉన్నదన్నది. వైద్యులు చివరి నెలసరి నుంచి లెక్కిస్తారు కనుక ఈ 120 రోజులు వారి కాగితం మీద సుమారు 19 వారాలవుతాయి. ఈ చిన్న తేడా తెలియక గందరగోళపడినవారున్నారు.

ఇన్ని శతాబ్దాల ఇంత సూక్ష్మమైన చర్చను పక్కనపెట్టి, అమెరికా క్రైస్తవ ఉద్యమపు వీడియోకు ఉర్దూ వ్యాఖ్యానం జోడించి మనవాళ్లు పంచుతున్నారు. ఇది మాకు చాలా చిత్రంగా ఉన్నది.

పుట్టని బిడ్డల మీద ఇంత ప్రేమ ఉన్నవారు మన నక్కవాగు వైపు కూడా చూస్తే బాగుండేది. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల విషజలాలు వాగుల్లో కలుస్తున్నాయని 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటి వైద్యుడు జీవితకాలం దీని మీద పోరాడారు. ఆ నీళ్ల పక్కన, ఆ గాలిలో గర్భిణులు ఎట్లా ఉన్నారని ఏ భ్రూణరక్షకుడూ ఇటు వచ్చి అడిగింది మేము చూడలేదు. ద్రావకాల వాసన మధ్య ప్యాకింగు పనిచేసే గర్భిణి సెలవు అడిగితే మరునాటి నుంచి పని లేదు. దీనికి పోస్టర్ ఎవరూ వేయరు.

ఇక చట్టం సంగతి. తల్లులు గుర్తుపెట్టుకోండి, మగవాళ్లు కూడా. 2021 సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక్క అర్హుడైన వైద్యుని అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల వరకు అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా వితంతువులైనవారు లేక విడాకులు పొందినవారు వంటి కొందరికి ఇద్దరు వైద్యుల అభిప్రాయం కావాలి. ఆ పైన శిశువుకు తీవ్ర వైకల్యముంటే మెడికల్ బోర్డు నిర్ణయిస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలు. భర్త సంతకం చట్టం అడగదు, అడిగే ఆసుపత్రులు తమ భయం కొద్దీ అడుగుతున్నాయి. ఆమె పేరు బయటపెట్టడం నేరం. మాత్రలతో చేసే పద్ధతికి 9 వారాలే గడువు, అదీ వైద్యుని పర్యవేక్షణలోనే. 2015లో దేశంలో జరిగిన సుమారు కోటి 56 లక్షల గర్భస్రావాల్లో నూటికి 73 ఆసుపత్రుల బయట, మాత్రలతోనే జరిగాయని ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. చట్టం ఉండి కూడా ఇంతమంది దొడ్డిదారిన ఎందుకు పోతున్నారు? దూరం, ఖర్చు, వైద్యుల కొరత, అన్నీ నిజమే. మేము చూసిన ఇళ్లలో మాత్రం ముందు వరుసలో ఉన్నది సిగ్గు. ఆ సిగ్గును తయారుచేసినవి మాటలే.

ఇస్నాపూర్ చెల్లెలి ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత మాకు లేదు కనుక ఆమె భర్తను వెంటబెట్టుకుని ఒక ముఫ్తీ సాహెబ్ దగ్గరికి వెళ్లాము. వయోవృద్ధులు. ఆయన అంతా విని, పిల్లవాడికి ఎన్ని నెలలని అడిగారు, పాలు తాగుతున్నాడా అని అడిగారు, డబ్బా పాలు కొనగల స్తోమత ఉన్నదా అని భర్తను అడిగారు. లేచి ఇబ్నె ఆబిదీన్ గ్రంథం తీశారు. రెండు వందల ఏళ్ల నాటి డమాస్కస్ హనఫీ పండితుడాయన. గర్భం వల్ల తల్లి పాలు ఇంకిపోయి, చంకలో ఉన్న బిడ్డ ప్రాణానికి భయమై, దాదిని పెట్టుకునే శక్తి తండ్రికి లేకపోవడాన్ని న్యాయమైన కారణాల్లో ఒకటిగా అందులో చెప్పారని చూపించారు. వైద్యుని అడగకుండా మాత్రలు మింగి ప్రాణం మీదకు తెచ్చుకున్నందుకు మాత్రం తౌబా చేసుకోమన్నారు. మెడికల్ షాపువాడిని కూడా తిట్టారు.

భర్త చాలాసేపు తలవంచుకుని కూర్చుని, జుమా బయాన్‌లో ఇది ఎందుకు చెప్పరని అడిగాడు. ఎవరూ అడగలేదని ముఫ్తీ సాహెబ్ అన్నారు. ఆయన ఈరోజు మూడవ వరుసలో కూర్చుని ఉన్నారు. మా తరువాత మాట్లాడతారు. అడగదలచుకున్నవారు చీటీ మీద రాసి, పేరు లేకుండా, తెర దగ్గర ఉన్న డబ్బాలో వేయండి.